కాగితం మీద నాలుగు మరకలు

యంత్రాల నిర్వహణ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు గృహపత్రికకు వ్రాయవలసివస్తే, తాము ఆదా చేసిన లక్షలను గురించో, అందుకున్న జ్ఞాపికలను గురించో వ్రాయడం ఆనవాయితీ. నా వద్ద ఆ సరుకు స్వల్పం. సంపాదకవర్గం వారు పట్టు విడువలేదు కనుక, డీజిల్ ఇంజనులో నూనె తుంపరగా మారే తీరును గురించి భోపాల్‌పట్నంలో నేను నేర్చుకున్నదీ, నేర్చుకునే క్రమంలో చేసిన ఒక తప్పూ వ్రాస్తున్నాను. ఆ తప్పుకు మూల్యం చెల్లించినవాడిని నేను కాను.

అది 1994 వేసవి. మా సర్వే శిబిరం భోపాల్‌పట్నానికి కొద్ది దూరంలో అడవి అంచున ఉండేది. అప్పటికి ఆ ఊరు మధ్యప్రదేశ్ రాష్ట్రంలోని బస్తర్ జిల్లాలో ఉంది. 1998లో దంతెవాడ జిల్లాలోకి, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి, 2007లో బీజాపూర్ జిల్లాలోకి వెళ్లింది. ఊరు కదలలేదు గాని చిరునామా ముమ్మారు మారింది. ఇంద్రావతి దాటితే మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా. వంతెన లేని ఆ రోజుల్లో పడవే గతి. మరికొంత దిగువన, భద్రకాళి వద్ద, ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. కృష్ణా జిల్లా నుండి వెళ్లిన నాకు, మధ్యప్రదేశ్‌లోని ఒక అంగడిలో ఉప్పు ధర తెలుగులో చెప్పడం మొదటిరోజు వింతగా తోచింది. వారం తిరిగేసరికి నా తెలుగే అక్కడివారికి వింతగా ఉన్నదని తెలిసింది.

శిబిరంలో రాతి నమూనాలు తీసే డ్రిల్లు ఒకటి, దానికీ దీపాలకూ విద్యుత్తు ఇచ్చే డీజిల్ జనరేటరు ఒకటి ఉండేవి. మే నెలలో జనరేటరు మొండికేసింది. లోడు పడగానే నల్లపొగ, గంటకు తాగే నూనె పెరగడం, సిలిండరు ఒకటి తప్పి తప్పి మండుతున్న చప్పుడు. జూన్ మధ్యలో వానలు పట్టుకుంటే వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి. ఆలోగా ముగించవలసిన బోర్లు ఇంకా మిగిలి ఉన్నాయి.

నాకు మాత్రం లోలోపల సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. పట్టభద్రానంతర చదువులో నేను సిద్ధాంతవ్యాసం వ్రాసినది ఇంధన తుంపర మీదనే. ఇంజెక్టరు విప్పి, స్ప్రింగు కింద షిమ్ములు వేసి, నాజిల్ తెరుచుకునే పీడనం పెంచాను. పీడనం పెరిగితే తుంపర సన్నమవుతుందని పుస్తకంలో ఉన్నది కదా! పొగ తగ్గలేదు సరికదా, ఇంజను మరింత బరువుగా మూలగసాగింది. నాజిల్ ఆలస్యంగా తెరుచుకుంటే నూనె పడే వేళ జరిగిపోతుందనీ, పంపు మీద భారం పెరుగుతుందనీ కూడా అదే పుస్తకంలో రెండు పుటల తరువాత ఉన్నది.

చివరకు ఇంజెక్టర్లన్నీ గోనెసంచిలో చుట్టి, హెల్పరును వెంటబెట్టుకుని ఊళ్లోని డీజిల్ మేస్త్రీ వద్దకు వెళ్లాను. బీజాపూర్ దారిలో తాటాకు కప్పిన కొట్టం, గోడకు మైకో కంపెనీ క్యాలెండరు, మూల ఒక చేతి నాజిల్ టెస్టరు. అరవైకి దగ్గరపడిన మనిషి. వరంగల్లులో పని నేర్చి, లారీలను వెంబడిస్తూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఎడమచేతి చూపుడువేలు రెండు కణుపులు లేవు. ఏ ఫ్యానులోనో పడి ఉంటుందనుకున్నాను, అడగలేదు.

ఆయన పరీక్ష చూడముచ్చటగా ఉండేది. నాజిల్‌ను టెస్టరుకు బిగించి, ఎదుట ఒక మూర దూరంలో చెక్కకు దినపత్రిక కాగితం గుచ్చి, పిడిని ఒక్క ఊపున నొక్కేవారు. సూది కిర్రు కిర్రుమంటూ కొట్టుకోవాలి. మౌనంగా నూనె వదిలితే ఆ నాజిల్ చెడినట్లే. తరువాత కాగితం తీసి వెలుతురుకు పట్టి చూసేవారు. మా నాజిల్‌కు నాలుగు రంధ్రాలు. కాగితం మీద మూడు మరకలు గుండ్రంగా రూపాయి బిళ్లల్లా పడ్డాయి. నాలుగవది పక్కకు జారిన చంద్రవంక.

"మూడు కాళ్ల మంచమ్మీద ఎట్ల పంటరు సారూ?" అన్నారు.

నేను షిమ్ముల సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "ప్రెషర్ పెంచితే మూసుకపోయిన కంత తెరుసుకుంటదా?" అని మాత్రం అడిగి, సన్నని తీగతో రంధ్రాలు పొడవడం మొదలుపెట్టారు.

రోగం నాజిల్‌లో కనిపించినా పుట్టినది అక్కడ కాదు. మా డీజిల్ డ్రమ్ములలో వచ్చేది. వాటిని శిబిరంలో నిలువుగా పేర్చాము. వేసవి జల్లు పడినప్పుడల్లా డ్రమ్ము తలపై నీరు నిలిచేది. పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటకు పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ము ఊపిరి పీల్చుకున్నట్లు, బిరడా సందుల నుండి ఆ నీటిని లోనికి లాగుకుంటుంది. నీటితో తుప్పు, తుప్పుతో నలుసులు. నాజిల్ సూదికీ దాని గూటికీ నడుమ ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఫిల్టరును దాటివచ్చిన నలుసు సూదిని పూర్తిగా మూసుకోనివ్వదు. చిమ్మడం ముగిసిన తరువాత కూడా బొట్టు కారుతుంది, ఆ బొట్టు మాడి బొగ్గవుతుంది, బొగ్గు రంధ్రాన్ని పూడుస్తుంది. డ్రమ్ములను పడుకోబెట్టి, బిరడాలు రెండూ నూనెలో మునిగి ఉండేటట్లు పెట్టమని మేస్త్రీ చెప్పారు. నా సిద్ధాంతవ్యాసంలో డ్రమ్ము అనే మాటే లేదు.

రంధ్రాలు శుభ్రమైన తరువాత నాలుగు ధారలూ బారెడు దూరం వెళ్లాయి. నేను మెచ్చుకోబోయాను. ఆయన పిడి వదిలేసి ఒక మాట అన్నారు. "సారూ, బయట గిట్ల వోతది. లోపల ఎట్ల వోతదో ఎవలు జూసిండ్రు?"

ఆ ప్రశ్నను తేలికగా తీసుకోవడానికి వీలులేదు. మా ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగేది. అంటే సెకనులో వెయ్యవ వంతు గడిచేసరికి క్రాంకుషాఫ్టు 9 డిగ్రీలు తిరుగుతుంది. నూనె చిమ్మడం 18, 20 డిగ్రీలలో, అనగా సెకనులో 500వ వంతుకు అటూ ఇటుగా ముగియాలి. ఆ రెప్పపాటులో ధార చీలి, పోగులై, కణాలై, ఆవిరై, గాలిలో కలిసి మండాలి. మిల్లీమీటరు వ్యాసమున్న ఒక్క బొట్టును 20 మైక్రాన్ల కణాలుగా విడగొడితే 1,25,000 కణాలవుతాయి; వేడిని తాకే ఉపరితలం 50 రెట్లవుతుంది. అందుకే ఈ శ్రమ అంతా.

అయితే ధారను చీల్చేది రంధ్రమొక్కటే కాదు, ఎదురుగా నిలిచిన గాలి కూడా. సిలిండరులో గాలిని 17వ వంతుకు కుదిస్తే దాని సాంద్రత 17 రెట్లవుతుంది. ఘనపు మీటరు గాలి 20 కిలోలు తూగుతుంది. హిరోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన హిరోయాసు, అరాయ్ అనే శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిన సూత్రం ప్రకారం, ధార చీలేవరకు అది వెళ్లే దూరం కాలంతో సమంగా పెరుగుతుంది. చీలిన తరువాత కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. గాలి సాంద్రత 17 రెట్లయితే అదే వ్యవధిలో తుంపర చేరే దూరం దాదాపు సగానికి పడిపోయి, తుంపర వెడల్పవుతుంది. పీడనం 16 రెట్లు పెంచితే గాని ఆ దూరం రెట్టింపు కాదు. బారెడు పోయే ధారను చూసి మురిసిపోతే అది బయటి గాలిలోని ధార మాత్రమే. టెస్టరు చెప్పేది నాజిల్ ఆరోగ్యాన్నే గాని, సిలిండరులోని సంగతిని కాదు. ఈ సూత్రం నాకు కంఠస్థమే. అయినా తాటాకు కొట్టంలో ఆ ప్రశ్న వినేవరకు నేను దానిని టెస్టరుతో జోడించి ఆలోచించలేదు.

మరునాడు తక్కిన ఇంజెక్టర్ల కోసం వెళ్లినప్పుడు పక్క టీకొట్టు యజమాని, "ఇప్పనూనెతోని ఇంజను నడవదా?" అని అడిగాడు. బస్తర్‌లో ఇప్పగింజల నూనెకు కరువు లేదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిందని నేను గొప్పగా చెప్పాను. మేస్త్రీ మాటల్లో పెట్టుకోక టెస్టరులో ఇప్పనూనె పోశారు. పిడి నొక్కితే తుంపర రాలేదు. సేమియాలా నాలుగు దారాలు వచ్చాయి. దాని చిక్కదనం డీజిల్‌కు పది రెట్లకు పైమాటే. టీకొట్టు పొయ్యిమీద వేడిచేసి పోస్తే దారం కొంత విచ్చుకుంది. నడవడం నడుస్తుంది గాని, నాలుగు రోజుల్లో నాజిల్ మూతి బొగ్గుపడుతుందని ఆయన తీర్పు. తరువాతి కాలంలో మొక్కల నూనెలను బయోడీజిల్‌గా మార్చి వాడడంలోని ప్రధానోద్దేశం ఈ చిక్కదనాన్ని తగ్గించడమే. టెస్టరును కడుక్కోవడానికి మాత్రం మాకు పూటంతా పట్టింది.

ఇక చెప్పవలసినది చెప్పాలి.

ఆ సాయంత్రం నాలుగు గంటల వేళ శిబిరంలో ఇంజెక్టర్లు బిగించి జనరేటరు నడిపాము. పొగ లేదు. ఇంజను మీద సన్నని నూనె తడి మాత్రం కనిపించింది. పంపు నుండి ఇంజెక్టరుకు వెళ్లే గొట్టాలలో ఏదో ఒకదాని నట్టు వద్ద కారుతున్నట్లుంది. ఇంజను ఆపి నట్లన్నీ మళ్లీ బిగించి ఉంటే ఐదు నిమిషాల పని. నేను ఆపలేదు. నడుస్తున్న ఇంజను వద్ద హెల్పరును పిలిచి, "ఎక్కడ కారుతోందో వేలుపెట్టి చూడు" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

అతడు గొట్టం వెంట కుడిచేతి చూపుడువేలు పోనిచ్చాడు. ఒకచోట చటుక్కున చేయి లాగుకుని నవ్వాడు. "చీమ కుట్టినట్లయింది సార్." వేలి కొసపై చుక్కంత గాటు. నెత్తురు కూడా లేదు. సబ్బుతో కడుక్కోమన్నాను. గంట గడిచేసరికి వేలు బిగిసి, పాలిపోయి, ఉబ్బింది. దగ్గరలో ఉన్న ఒక వైద్యశాలకు తీసుకువెళ్తే పూతమందు రాసి, రెండు రోజులలో తగ్గుతుందని పంపారు. నాకూ అలాగే తోచింది.

చీకటి పడుతుండగా మేస్త్రీ తన పని ఎలా నడుస్తోందో చూసుకోవడానికి సైకిలు మీద వచ్చారు. హెల్పరు వేలు చూశారు. మారుమాట లేకుండా తన ఎడమచేతిని లాంతరు ముందు పెట్టారు.

"ఇది ఫ్యాన్ల వడ్డది గాదు సారూ. గిదే. నేను రెండు దినాలు ఆగిన. మీరు గంట గూడ ఆగకుండ్రి."

రాత్రికి రాత్రి జీపులో జగదల్‌పూర్ దారి పట్టాము. రెండువందల పైచిలుకు కిలోమీటర్ల దారిలో మొదట నవ్వుతూ ఉన్నవాడు బీజాపూర్ దాటేసరికి మాట్లాడడం మానేశాడు. గీదం వద్ద జీపు ఆపి నీళ్లిస్తే, గ్లాసు ఎడమచేతితో అందుకుని, కుడిచేతిని చంటిబిడ్డలా ఛాతీకి హత్తుకుని కూర్చున్నాడు. అర్ధరాత్రి దాటాక మేము చేరిన ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు నిద్రలో నుండి లేచివచ్చి, చుక్కను చూసి, అది ఏ గొట్టమో, ఎంత పీడనమో అడిగారు. నేను చెప్పగానే మత్తుమందు సిద్ధం చేయమన్నారు. వేలును మొదలంటా తెరిచారు. నూనె అరచేతి దాకా పాకి ఉంది.

నాజిల్ తెరుచుకునే పీడనం చదరపు సెంటీమీటరుకు 200 కిలోలన్నా, సన్నని సందు నుండి వెలువడే డీజిల్ వేగం లెక్క ప్రకారం సెకనుకు దాదాపు 220 మీటర్లు. చర్మం దానికి ఒక అడ్డు కాదు. లోపలికి వెళ్లిన నూనె నరాల వెంట, స్నాయువుల తొడుగుల వెంట పరుగెత్తి కణజాలాన్ని నొక్కి, విషపూరితం చేస్తుంది. పైన కనిపించేది సూదిపోటు మాత్రమే. అందుకే రోగీ, పైవాడూ, ఒక్కొక్కప్పుడు వైద్యుడూ మోసపోతారు. ఇది కొత్త సంగతి కాదు. డీజిల్ ఇంజను నూనె ఈ విధంగా కండలోకి దూసుకుపోయిన ఉదంతాన్ని రీస్ అనే వైద్యుడు 1937లోనే అమెరికా వైద్యసంఘం పత్రికలో ప్రకటించారు. తుంపర మీద సిద్ధాంతవ్యాసం వ్రాసిన నేను దానిని చదవలేదు. చదవని మేస్త్రీకి తెలుసు.

రెండుసార్లు శస్త్రచికిత్స జరిగింది. చివరి కణుపు తీసివేశారు. చేయి దక్కింది.

శిబిరానికి తిరిగివచ్చి ప్రమాద నివేదిక వ్రాశాను. "నడుస్తున్న ఇంజను వద్ద సదరు కార్మికుడు అజాగ్రత్తగా చేయి ఉంచినందువలన" అని వ్రాశాను. వాక్యంలో అబద్ధం లేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఎవరు ఉంచమన్నారో ఆ వాక్యంలో లేదు. కుడిచేతికి కట్టు ఉన్నందున అతడు ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు. చదివి వినిపించమని అడగలేదు, నేనూ వినిపించలేదు. జీతంతో కూడిన సెలవు దొరికింది, ఉద్యోగం నిలిచింది, ఎవరూ మళ్లీ అడగలేదు. సర్వే ముగిసి శిబిరం ఎత్తివేశారు. ఆ కాగితం ఏ ఫైలులోనో అలాగే ఉండి ఉంటుంది. దానికి సవరణగా ఈ పేరాను స్వీకరించమని మనవి.

మేస్త్రీ ప్రశ్నకు జవాబు మూడేళ్ల తరువాత వచ్చింది. అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో జాన్ డెక్ అనే శాస్త్రజ్ఞుడు, సిలిండరులోకి చూడగలిగే గాజు కిటికీలు అమర్చిన ఇంజనులో లేజరు కాంతితో చూసినదానిని 1997లో ప్రకటించాడు. తుంపరలోని కణాలు చుట్టూ మంటతో ఒక్కొక్కటిగా కాలుతాయని అంతవరకు చాలామంది ఊహ. నిజానికి నాజిల్ నుండి రెండు మూడు సెంటీమీటర్లు దాటేసరికి ద్రవమంతా ఆవిరైపోతుందనీ, మండేది ఆవిరీ గాలీ కలిసిన మిశ్రమమేననీ అందులో తేలింది. మరుసటి ఏడాది అదే ప్రయోగశాలకు చెందిన సీబర్స్ ఇంకొక సంగతి చూపించాడు: ద్రవం ద్రవంగా ఎంత దూరం పోతుందన్నది రంధ్రపు వ్యాసాన్నీ, గాలి వేడిమినీ సాంద్రతనూ బట్టి ఉంటుంది గాని, చిమ్మే పీడనంతో దానికి దాదాపు సంబంధం లేదు. కంత సంగతి చూడక ప్రెషర్ పెంచినవాడికి ఇంతకన్న సూటి జవాబు ఉండదు. ఈ విషయం చెప్పడానికి నేను భోపాల్‌పట్నం వెళ్లేసరికి ఆలస్యమైంది. కొట్టం ఉన్న చోట సిమెంటు దుకాణం వెలిసింది. మేస్త్రీ లేరు.

ఇప్పటి కామన్ రైల్ ఇంజనులలో పీడనం 1600 బార్లు, అంతకు పైన కూడా. పాత నాజిల్ తెరుచుకునే పీడనానికి అది ఎనిమిది రెట్లు. వేగం మాత్రం మూడు రెట్లకు లోపే, సెకనుకు 620 మీటర్ల ప్రాంతం. రంధ్రాలు మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్ స్టేజ్ ఆరు ప్రమాణాల తరువాత రోడ్డు మీది కొత్త డీజిల్ బండ్ల తీరంతా ఇదే. పొగ కనబడడం అరుదైంది. అయితే పాత గొట్టంలో పీడనం చిమ్మే క్షణాలలోనే ఎగసి పడిపోయేది. ఈ రైలులో ఇంజను నడిచినంతసేపూ నిలిచే ఉంటుంది, ఆపిన తరువాత కూడా వెంటనే దిగదు. కారడమంటే పూర్వం కంటికి ఆనే తడి. ఇప్పుడు అది కంటికి ఆనని పొర కావచ్చు. మన వర్క్‌షాపులలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు లాప్‌టాప్ చూసి రోగం చెబుతారు. వారి నేర్పును నేను తక్కువ చేయను. కాని గొట్టం వెంట వేలు పోనివ్వడం మనిషి చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. దానికి లాప్‌టాప్ అడ్డుపడదు.

ఈ వ్యాసం పంపేముందు ఆ హెల్పరుకు టెలిఫోనులో చదివి వినిపించాను. ఆయన కూడా పదవీ విరమణ చేసి, మనవలతో బీజాపూర్‌లో ఉంటున్నారు. నివేదిక పేరా చదివినప్పుడు కొంతసేపు చప్పుడు లేదు. ఫోను తెగిందేమోనని పిలిచాను.

"ఉన్న సార్. అయితే మీరు అట్టముక్క సంగతి రాయలేదు."

ఏ అట్టముక్క అన్నాను.

"కారేది చూడాలంటే ముందు ఇంజను ఆపి, చెప్పినన్ని నిమిషాలు ఆగి, నట్లు బిగించాలె. అట్లయినా దొరక్కుంటే నడిపి, పొడుగు కట్టెకు అట్టముక్క కట్టి గొట్టం వెంట తిప్పాలె. అట్ట మీద మరక పడుతది. నేను రిటైరయ్యేదాక పోరగాండ్లకు అదే చూపిచ్చిన. కట్టె ఎంత పొడుగో గూడ రాయుండ్రి సార్."

ఎంత అని అడిగాను. మేస్త్రీ కాగితం పెట్టినంత దూరం కన్నా ఎక్కువే, రెండు మూరలని వ్రాయమన్నారు.